ఆరని గచ్చు

నరసరావుపేటలో మేం ఉంటున్న ఇల్లు మేం కట్టించింది కాదు, కట్టినవాళ్ల దగ్గర కొనుక్కున్నది. కొనేటప్పుడు గోడలు చూశాం, నీటి వసతి చూశాం, మా అమ్మకు విడిగా ఒక గది ఉందా లేదా చూశాం. నేల సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మెరుస్తోంది కదా, చాలనుకున్నాం. ఈ వేసవిలో హాల్లో టీవీ ముందు నుంచి నడుస్తుంటే కాలి కింద చప్పుడు మారింది. ఖాళీ డబ్బా మీద వేలితో కొట్టినట్టు గుల్లగా వినపడేది. మా ఆయనతో చెబితే, "సాగర్ డ్యామ్ మీద అన్నేళ్లు పనిచేశాను, నాకు వినపడని పగులు నీకు వినపడిందా" అని నవ్వారు. విజయపురి సౌత్‌లో ఇరిగేషన్ ఉద్యోగం చేసి వచ్చిన మనిషి, సిమెంటు గురించి ఇంకొకరు మాట్లాడితే ఒప్పుకోరు. నేను బడిపంతులమ్మను. వెనక బెంచీ గుసగుసలు పట్టుకోవడంలోనే నా ఉద్యోగం గడిచింది కాబట్టి నా చెవుల మీద నాకు నమ్మకం. కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం మేం అన్నం తింటుండగా పెళ్లుమని చప్పుడైంది. వెళ్లి చూస్తే రెండు టైల్స్ పైకి లేచి, ఒకదాని తలకొకటి ఆనించుకుని గుడిసెలా నిలబడి ఉన్నాయి.

బాజీ మేస్త్రిని పిలిపించాం. మా వీధిలో చాలా ఇళ్లకు పనిచేసినవాడు. లేచిన టైల్స్ పక్కన పెట్టి, కింద తాపీతో గీకాడు. గట్టి గచ్చు ఉండాల్సిన చోట బూడిదరంగు పొడి కుప్పగా లేచింది. "అడుగంతా పిండైపోయింది మేడమ్. ఇదొక్క చోటే కాదు, హాలంతా ఇంతే" అన్నాడు. మా ఆయన ఓటమి ఒప్పుకునే రకం కాదు. "ఇప్పుడేదో గమ్ము వస్తోందంటగా, అది పూసి అతికించెయ్యి" అన్నారు. "అతికిద్దాం సార్, దానికేముంది" అని బాజీ కూడా తలూపాడు. నేను వంగి చిటికెడు పొడి తీసుకుని వేళ్ల మధ్య నలిపాను. "అతుక్కుంటుంది. పిండికి అతుక్కుంటుంది. నెల తిరక్కుండా టైలూ, గమ్మూ, పిండీ అన్నీ కలిసి లేస్తాయి. అడుగంతా తవ్వి కొత్తగా పోస్తే తప్ప ఏం పెట్టినా నిలబడదు" అన్నాను. ఇద్దరూ నా వైపు వింతగా చూశారు. నాకు మేస్త్రి పని రాదు. కానీ పద్దెనిమిదేళ్ల వయసులో ఒక వేసవంతా నేను అలాంటి పొడికి ఇవతల కూర్చుని గడిపాను. ఆ సంగతి తెలిసిన మనిషి ఇంట్లో ఇంకొకరే ఉన్నారు. ఆవిడ లోపలి గదిలో మంచం మీద ఉంది. మా అమ్మకు ఎనభై దాటాయి, మోకాళ్లు సొంతంగా లేవనివ్వవు.

మా ఊరు గురజాలకూ మాచర్లకూ మధ్య, రోడ్డు మీదే. నా చిన్నప్పుడు ఆ ఊళ్లో కులాల కన్నా ముందు రెండు జాతులుండేవి: ఇవతలివాళ్లు, అవతలివాళ్లు. ఎన్నికల్లో పార్టీల పేర్లు మారేవి గాని ఈ రెండూ మారేవి కావు. ఇవతలివాళ్లకు మా నాన్న పెద్ద. అవతలివాళ్లకు కోటయ్య బాబాయి పెద్ద. బాబాయి అంటున్నానంటే వరసకు అంటున్నాను, మా తాతా ఆయన తండ్రీ సొంత అన్నదమ్ములు. మధ్యలో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. టీకొట్లు రెండు, మంగలి షాపులు రెండు, శివరాత్రికి కోటప్పకొండకు కట్టే ప్రభలు రెండు. పిండిమర ఒక్కటే ఉండేది. అందుకని పొద్దున వాళ్లు, సాయంత్రం మేము పిండి పట్టించుకునేవాళ్లం. చిన్నపిల్లలకు కూడా ఎవరింటి ముందు నుంచి నడవాలో, ఎవరి పంపు దగ్గర నీళ్లు తాగకూడదో నిద్రలో లేపి అడిగినా తెలుసు. ఇదంతా పౌరుషం అనుకునేవాళ్లు. నాకు మాత్రం ఆ వయసుకే విసుగు పుట్టింది.

అలాంటి ఊళ్లో కోటయ్య బాబాయి తన హాలుకు పట్నం నుంచి రంగు బిళ్లలు తెప్పించి పరిపించాడు. మొజాయిక్ బిళ్లలు, మధ్యలో పువ్వు. మా ప్రాంతమంతా కాలు పెట్టిన చోటల్లా నాపరాయే. ఇళ్లల్లో, దొడ్లల్లో, చివరికి పశువుల కొట్టాల్లో కూడా నాపరాళ్లు పరుచుకున్న దేశం మాది. వేసవిలో వాటి మీద వెల్లకిలా పడుకుంటే వీపుకు చల్లగా తగిలే ఆ రాయిని చూస్తే మా నాన్నకు ఉన్నట్టుండి నామోషీ అనిపించింది. ఎవరో నాయకుడు అవతలివాళ్లింట్లో భోంచేసి నేల మెచ్చుకున్నాడట. అంతే, తాతలనాటి నాపరాళ్లు పెకలించి దొడ్లో పడేశారు. గుంటూరు నుంచి బిళ్లలు దిగాయి. అవతలివాళ్ల పువ్వుకు ఆరు రేకులైతే మా పువ్వుకు ఎనిమిది.

బిళ్లలు వచ్చాయి గాని ఇసుక రాలేదు. ఇసుక ఉన్నది వాగులో. వాగులోకి బండి దిగాలంటే కోటయ్య బాబాయి చేను గట్టు మీద నుంచే దిగాలి. అడిగితే ఆయన కాదనేవాడు కాదేమో కూడా. అడగడమే ఉండకూడదు. చావడి దగ్గర అందరి ముందూ మా నాన్న మీసం మీద చెయ్యేసి, "వాళ్ల గట్టు తొక్కిన ఇసుక పిడికెడు నా ఇంట్లో పడిందంటే నేను మా అయ్యకు పుట్టలేదనుకోండి" అన్నారు. అన్నాక ఇంక వెనక్కి తీసుకునే దారి లేదు. ఊరి బయట నాపరాళ్లు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉండేది. రాయి అరగదీసిన పొడి నీళ్లతో బురదై, ఎండి, రోడ్డు పక్కన గుట్టలుగా పడుండేది. ఎత్తుకుపోతే వాళ్లే దణ్ణం పెట్టేవాళ్లు. మా సాంబయ్య మేస్త్రి ఇవతలివాడు. నాన్న ముఖం చూసి మాట్లాడేవాడు. "ఇసుకెందుకన్నా, ఇది ఇసుక కన్నా మెత్తన. పరుపు మీద పండుకున్నట్టు పండుకుంటాయి బిళ్లలు" అన్నాడు. ఆ పొడిలో సిమెంటు కలిపి జానెడు మందాన అడుగు పోశారు. అందులోనే మళ్లీ బిళ్లలు పరిచారు.

మా ఇంటి తీరు చెబితే గాని తర్వాత జరిగింది అర్థం కాదు. వీధి వైపు వసారా, వసారా దాటితే ఆ హాలు, హాలు దాటితే లోపలి గది, వంటిల్లు, వాటి వెనక బావి, దొడ్డి. దొడ్డికి ఒక తలుపుండేది గాని అది అవతలివాళ్ల సందులోకి తెరుచుకుంటుంది. అంతకుముందు ఏడాది గొడవల్లో దానికి కంప అడ్డం వేశారు. హాల్లో పెకలించిన నాపరాళ్లన్నీ ఎక్కడ పెట్టాలో తెలియక, మనుషులు ఆ తలుపుకు ఆనించి ఛాతీ ఎత్తున పేర్చారు. అంటే బయటికి పోవాలంటే హాల్లో నుంచే పోవాలి. మగవాళ్లు వసారాలో కూర్చుంటారు, వసారాలో పడుకుంటారు, పని ఉంటే ఊళ్లోకి పోతారు. ఆడవాళ్లం ముగ్గురం, నాయనమ్మ, అమ్మ, నేను, లోపల. మధ్యలో తడి బిళ్లలు. "పది రోజులు ఎవరూ తొక్కమాకండి" అని సాంబయ్య చెప్పి పోయాడు. సగం సగంగా పరిచి ఉంటే సగం నుంచి నడవొచ్చు కదా అని అమ్మ అడిగింది. పువ్వు మధ్య నుంచి మొదలుపెట్టాలట, లేకపోతే లెవెల్ తప్పుతుందట. నాన్న వసారాలో నుంచే, "మీకు బయటేం పని ఇప్పుడు?" అన్నారు. కోపంగా అన్న మాట కాదది. నిజంగానే ఆయనకు తెలియక అడిగారు.

లోపలి బతుకు ఒక పద్ధతిలో పడింది. బావి ఉంది, పొయ్యి ఉంది, కుండల్లో పప్పులున్నాయి, కొత్త కారం జాడీ నిండా ఉంది. నాన్నకూ వచ్చేపోయే మనుషులకూ అన్నం వంటింటి కిటికీలో నుంచి ఇచ్చేవాళ్లం. కిటికీ కమ్మీల మధ్య పళ్లెం పట్టేది కాదు, గిన్నె పట్టేది. అమ్మ అన్నం చిన్న చిన్న గిన్నెల్లో వత్తి అందిస్తే, పక్క సందులో నిలబడ్డ మనిషి అందుకుని వసారాలో విస్తళ్లలో బోర్లించేవాడు. దోసకాయ పప్పు చెంబుతో పోయేది. ఖాళీ గిన్నెలు మళ్లీ అదే దారిన వచ్చేవి. మగవాళ్ల మాటలు వినపడేవి గాని ముఖాలు కనపడేవి కావు. మధ్యాహ్నం ఆ కిటికీలో నుంచి వడగాలితో పాటు సందులో ఎండబెట్టిన మిరపకాయల ఘాటు వచ్చి ముగ్గురం తుమ్మేవాళ్లం. సాయంత్రం బిళ్లల మీద నీళ్లు చల్లేవాళ్లు. అప్పుడు హాల్లో నుంచి తడిసిన రాతి వాసన వచ్చేది. మొదట్లో బాగుండేది. తర్వాత ఆ వాసన వస్తే ఇంకో రోజు గడిచిపోయిందని గుండెల్లో దిగులు పుట్టేది.

నాయనమ్మకు ముక్కుపొడుం లేకపోతే పొద్దు గడవదు. ఆవిడ పొడుం అయిపోయింది. లోపలి గడప మీద నిలబడి, "ఒరేయ్, కొట్టుకు మనిషిని పంపి పొడుం డబ్బా తెప్పించి ఇటు విసురు" అని కొడుకును కేకేసింది. నాన్న తెప్పించారు, వసారా గడప నుంచి విసిరారు కూడా. ఊరిని గుప్పిట్లో పెట్టుకున్న మనిషి విసురు సగం దూరమే వచ్చింది. డబ్బా సరిగ్గా పువ్వు మధ్యలో పడి అక్కడే నిలబడింది. అటు గడప నుంచి నాన్న, ఇటు గడప నుంచి నాయనమ్మ దాన్ని చూస్తూ నిలబడ్డారు. ఎవరూ తొక్కడానికి లేదు. ఇంకొకటి కిటికీలో నుంచి తెప్పించుకోవే అని నేనంటే, "వాడు తెచ్చిందే కావాల" అని ఆవిడ మొండికేసింది. డబ్బా అలాగే ఉండిపోయింది. అటు వచ్చినవాళ్లూ ఇటు వచ్చినవాళ్లూ ముందు దాన్నే చూసేవాళ్లు.

ఆ డబ్బా కథ మొదటిసారిది కాదు, మూడో విడతదో నాలుగో విడతదో. ఎందుకంటే బిళ్లలు నిలబడలేదు. మొదటిసారి గడువు కాగానే అందరం పండగలా నడిచాం. నాలుగు రోజుల్లో మూలల్లో బిళ్లలు కదిలాయి. వేలు పెట్టి లేపితే లేచొచ్చాయి, కింద పొడి అంటుకుని ఉంది. సాంబయ్య వచ్చి, "ఎండ ఎక్కువైందన్నా, తొందరగా ఆరింది" అన్నాడు. అన్నీ ఊడదీసి మళ్లీ పరిచి, మళ్లీ తొక్కవద్దన్నాడు. రెండోసారి సిమెంటు పాలు పోశాడు. మళ్లీ ఊడాయి. "తొందరపడి తొక్కారు" అన్నాడు. ఈసారి ఇంకా ఎక్కువ రోజులు పెట్టాడు. రాతి పొడి రాయి అవదని అందరికీ తెలుసు. నాన్నకు తెలుసు, సాంబయ్యకు తెలుసు, కిటికీ దగ్గర గిన్నెలందుకునే మనిషికి తెలుసు. ఇసుక అన్న మాట ఎవరి నోటా రాలేదు. అదొక్కటి తప్ప అన్నీ మార్చి చూశారు.

నాకు కార్డు వచ్చింది ఆ రోజుల్లోనే. ఇంటర్ గురజాలలో చదివి, టీచర్ ట్రైనింగుకు పరీక్ష రాసొచ్చాను. ఫలానా రోజు సర్టిఫికెట్లు తీసుకుని గుంటూరు రావాలి, రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పోస్టుమాన్ వసారాలో ఇస్తే నాన్న చదివి, కిటికీలో నుంచి నా చేతికి ఇచ్చారు. "మంచిదేలే" అన్నారు. "ఆ రోజుకు పోవాలి నాన్నా" అన్నాను. "పోదువులే, గచ్చు ఆరనీ" అన్నారు. తర్వాత రోజు అడిగాను. ఆరనీ అన్నారు. ఆ తర్వాత రోజూ అంతే. నేను చదవకూడదని మా ఇంట్లో ఎవరూ అనలేదు. అని ఉంటే ఏడ్చేదాన్ని, అన్నం మానేసేదాన్ని, నాయనమ్మ చేత చెప్పించేదాన్ని. వద్దన్న మనిషితో పోట్లాడొచ్చు. ఆరనీ అన్న మనిషితో ఏం పోట్లాడతాం? రోజులు దగ్గరపడుతున్నాయి. లోపలి గడప మీద కూర్చుని, హాలు అవతల వసారా గుమ్మంలో కనపడే వీధి ముక్కను చూస్తూ ఉండేదాన్ని. బస్సు వస్తే ఆ గుమ్మంలో ఎర్రగా ఒక్క క్షణం కదిలి పోయేది. అది చూసినప్పుడల్లా ఏడుపొచ్చేది.

దొడ్లో నాపరాళ్ల కుప్ప దగ్గరికి కూడా వెళ్లాను. గోడకు అవతల కోటయ్య బాబాయి భార్య, మా రవణ చిన్నమ్మ, గిన్నెలు తోముకుంటూ ఉండేది. నా గాజుల చప్పుడు విని మెల్లగా, "ఏమే పద్మా, మీ గచ్చు ఆరిందా?" అంది. అవతలివాళ్లకు కూడా మా గచ్చు సంగతి రోజూ తెలుస్తూనే ఉంది. ఆరలేదన్నాను. గుంటూరు పోవాలని చెప్పాను. ఆవిడ తోముతున్న గిన్నె కింద పెట్టింది. "నేనైతే నిన్ను చెయ్యిచ్చి దింపుతానే. కానీ మా సందులో నించి పోయావంటే మీ నాన్న మనుషులు వస్తారు, మావాళ్లు ఊరుకోరు. నీ బస్సేమో గాని తలకాయలు పగులుతాయి" అంది. ఆవిడ చెప్పింది నిజం. ఛాతీ ఎత్తు రాళ్ల కుప్ప మీద నుంచి గోడ ఎక్కడం నాకు పెద్ద లెక్క కాదు. దిగడమే కుదరదు. వెనక్కి తిరిగి వస్తుంటే, ఈ రాళ్ల మీదే కదా నేను చిన్నప్పుడు పాకింది అనిపించి కోపం వచ్చింది.

ఇంత జరుగుతున్నా అమ్మ ఏమీ అనలేదు. అమ్మ తీరే అంత. నాన్న ముందు నోరు తెరిచి గట్టిగా మాట్లాడిన జ్ఞాపకం నాకు లేదు. గిన్నెల్లో అన్నం వత్తడం, గిన్నెలు అందుకోవడం, లోపలి గడప దగ్గర రోజూ ఒకసారి ఆగి, మొదటి బిళ్లను బొటనవేలితో నొక్కి చూడడం. అది ఆరిందా అని చూస్తోందనుకున్నాను. నాకు అమ్మ మీద కూడా కోపంగానే ఉండేది. నువ్వైనా అడగొచ్చు కదా అని ముఖం మీదే అన్నాను. "అడిగితే ఏమంటారో తెలుసుగా" అని పప్పు ఎనుపుకుంటూ కూర్చుంది.

కార్డులో రాసిన రోజు తెల్లారింది. నేను ముందు రోజు నుంచే ఆశ వదిలేసి పడుకునే ఉన్నాను. అమ్మ వచ్చి, "లేచి తల దువ్వుకో, మంచి ఓణీ వేసుకో" అంది. ఎందుకన్నాను. "వేసుకోమన్నా" అంది. నేను తయారై సర్టిఫికెట్ల సంచీ పట్టుకుని వచ్చేసరికి అమ్మ లోపలి గడప మీద చీర కుచ్చెళ్లు దోపుకుని గొంతుక్కూర్చుని ఉంది. మొదటి బిళ్ల అంచు కింద వేళ్లు పోనిచ్చి లేపింది. పెనం మీద నుంచి అట్టు వచ్చినట్టు వచ్చింది. దాన్ని పక్కన పెట్టి రెండోది లేపింది. అదీ వచ్చింది. ఖాళీ అయిన చోట పొడిలో కూర్చుని మూడోది, నాలుగోది. మనిషి నడవడానికి సరిపోయేంత వెడల్పున, ఒక వరస తీసుకుంటూ ముందుకు జరుగుతోంది.

చప్పుడుకు నాన్న వసారా గడప మీదికి వచ్చారు. ఆయన వెనక అప్పటికే ఇద్దరు ముగ్గురు మనుషులున్నారు. "ఏమే, ఏందది?" అన్నారు.

"బిళ్లలు తీస్తన్నా" అంది అమ్మ, తలెత్తకుండా.

"మతిపోయిందా నీకు? ఇంకా ఆరలేదు గదా."

"ఇయి ఆరవు. రోజూ నొక్కి చూస్తన్నాగా. పిల్ల బస్సుకు పోవాల, బాట తీస్తన్నా."

"ఆపవే. నేనొచ్చానంటే చూడు" అని నాన్న కాలెత్తారు. ఎత్తిన కాలు కింద పెట్టడానికి చోటు లేదు. పెడితే తన బిళ్లలు తనే తొక్కాలి, అందరూ చూస్తుండగా అవి లేచి రావాలి. కాలు వెనక్కి తీసుకున్నారు. చాలా ఏళ్లకు గాని నాకు ఆ కాలు గుర్తొచ్చి నవ్వు రాలేదు. ఆ రోజు మాత్రం సర్టిఫికెట్ల సంచీ గుండెలకు హత్తుకుని నిలబడ్డాను. వెనకున్నవాళ్లలో ఒకాయన, "పోనీలే అన్నయ్యా, ఎట్టాగూ ఊడేయేగా" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట పైకి అన్న మొదటి మగమనిషి ఆయనే. నాన్న ఆయన వైపు చూశారు. అమ్మ పువ్వు దాకా వచ్చింది. పొడుం డబ్బా చేతికి తగిలితే వెనక్కి చూడకుండా మా వైపు దొర్లించింది. నాయనమ్మ అందుకుని, అక్కడే గడప మీద కూర్చుని మూత తీసింది.

వసారా గడప దాకా బాట పడింది. అమ్మ గడప దాటలేదు. చేతులకు, ముంజేతులకు, ముక్కు మీద, కనురెప్పల మీద తెల్లటి పొడి. గోడవైపు జరిగి నాకు దారి ఇచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని ఆ పొడిలో నడిచాను. పాదాలు దిగబడ్డాయి. నాన్న గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉన్నారు. ఆయన తప్పుకోకపోతే నేను ఏం చేసేదాన్నో ఇప్పటికీ చెప్పలేను. ఆయన నా వైపు కాక నేలవైపు చూస్తూ పక్కకు తప్పుకున్నారు. నేను బస్సెక్కి కూర్చున్నాక, కదిలే బస్సును ఆపి, కండువా భుజాన వేసుకుని నాన్న కూడా ఎక్కారు. ముందు సీట్లో కూర్చున్నారు. పిడుగురాళ్ల సున్నపు బట్టీల పొగ దాటినా, సత్తెనపల్లి దాటినా వెనక్కి తిరిగి చూడలేదు. గుంటూరులో సంతకం పెట్టమన్నచోట పెట్టారు. సీటు వచ్చిందని చెప్పాక, "ఏమైనా తింటావా" అని అడిగారు.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి బిళ్లలన్నీ ఎప్పటిలా ఉన్నాయి. అమ్మ తీసిన దారినే వెనక్కి వెళ్తూ, ఒక్కొక్కటి తిరిగి పెట్టేసింది. లోపలి గడప అవతల నిలబడి ఉంది. "వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందన్నాను. ఆవిడ ముఖం అంత వెలగడం నేను అంతకుముందు చూడలేదు. నేను హాల్లోకి కాలు పెట్టబోతే, "ఇటు రామాకు. అక్కడే ఉండు. నీ అన్నం కిటికీలో ఇస్తా" అంది. ఆ పూట వసారాలో మగవాళ్ల పక్కన కూర్చుని, విస్తరిలో గిన్నె బోర్లించుకున్నాను. అన్నం అమ్మ చేతి వత్తుడుకు గిన్నె ఆకారంలో నిలబడింది. ఎందుకో తినబుద్ధి కాలేదు.

నేను హాస్టల్‌కు పోయాను, ఉద్యోగం వచ్చింది, పెళ్లయింది. ఆ నేల మాత్రం నాన్న పోయేదాకా అలాగే ఉంది. ఇంక పరవడం మానేసి, ఉన్నవాటినే ఉన్నచోట ఉంచేశారు. నడిస్తే టకటకమనేవి. చప్పుడును బట్టి ఎవరు నడుస్తున్నారో వంటింట్లో నుంచే తెలిసేది. అమ్మ రోజూ సందుల్లో నుంచి లేచిన పొడి ఊడ్చి చేటలోకి ఎత్తేది. ఇసుక గట్టు దాటి రాలేదు, నాన్న మాట నిలబడింది. ఇప్పుడు ఇవతలివాళ్ల పిల్లలూ అవతలివాళ్ల పిల్లలూ ఒకే స్కూలు బస్సులో పోతున్నారని విన్నాను. వాళ్ల తండ్రులు ఫోన్లలో తిట్టుకుంటున్నారట. అమ్మ జీవితంలో ఎన్ని ఏళ్లు ఆ చేటలోకి పోయాయో ఎవరూ లెక్క చూడలేదు, నేను కూడా. ఆవిడ ఆ రోజు నాకు బాట తీసిందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. తన కోసం ఎందుకు తీసుకోలేదని ఒక్కసారైనా అడగలేదు. అలవాటైపోయిందిలే అనుకున్నాను. బయటికి పోవాలని ఆవిడకు ఉంటే చెప్పేది కదా అనుకున్నాను.

బాజీ అడుగంతా తవ్వి కొత్తగా పోశాడు, ఇసుకతోనే. అది గట్టిపడ్డాక, రేపు టైల్స్ పరుస్తానని, రెండు రోజులు ఎవరూ తొక్కకూడదని చెప్పాడు. నేను టీచర్ని, ఏర్పాట్లలో నన్ను మించినవాళ్లు లేరు. మా ఇద్దరికీ పక్కింట్లో గది అడిగి పెట్టాను. అమ్మ గదికి బాత్రూమ్ ఉంది, కిటికీ ఉంది. ఫ్లాస్కు, బిస్కెట్లు, మందుల డబ్బా మంచం పక్కన సర్దాను. అన్నం కిటికీలో నుంచి ఇద్దామనుకున్నాను. "మరి పెద్దమ్మగారు?" అని బాజీ అడిగితే, "లోపలే ఉంటుందిలే బాబూ, ఆవిడకు బయటేం పని?" అన్నాను. అన్నాక నా గొంతు నాకే వినపడింది. సర్దుకునేలోపలే లోపలి నుంచి అమ్మ పిలిచింది.

"పద్మా, నా మంచం బయటెయ్యండి."

"ఎండగా ఉంటుందమ్మా. రెండు రోజులేగా."

"ముందు నన్ను బయటెయ్యండి. తర్వాత మీరేం పరుచుకున్నా సరే."

గట్టిగా అంది. చేతులు మంచం పట్టెను పట్టుకుని ఉన్నాయి, పట్టు వదలడం లేదు. నేను మా ఆయన్ని కేకేశాను. మా ఆయనా బాజీ కలిసి మంచం ముందు వరండాలోకి తెచ్చారు. నేను అమ్మను నడిపించుకుంటూ తెచ్చాను. ఆ రెండు రోజులూ అమ్మ వీధి చూస్తూ కూర్చుంది. కూరగాయల బండివాణ్ణి ఆపి బెండకాయలు విరిచి చూసింది. ఎదురింటి కోడలిది ఏ ఊరో, ఆటో అతనికి ఎంతమంది పిల్లలో కనుక్కుంది. నేను పెంచుకున్న మల్లె మొక్కకు నీళ్లు ఎక్కువ పోస్తున్నానని కోప్పడింది. ఇన్నేళ్లలో ఆవిడ అన్ని మాటలు మాట్లాడడం నేను వినలేదు. రెండో రోజు సాయంత్రం బాజీ వచ్చి, హాలంతా తట్టి చూసి, ఇక నడవొచ్చన్నాడు. నేను అమ్మ చెయ్యి పట్టుకుని, "లోపలికి పోదామా?" అన్నాను.

అమ్మ గుమ్మం వైపు చూడలేదు. "ఇంకా ఆరి ఉండదే" అంది. "కాసేపు ఇక్కడే కూసుందాం."